టేప్ మెషీన్‌ను క్యూబేస్‌తో నడిపేటప్పుడు

చిరంజీవి రవికి ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పాత ఫాస్టెక్స్ ఆర్8, అదే ఎనిమిది ట్రాక్‌ల రీలు టేప్ మెషీన్, కొన్నావని, కంప్యూటర్‌లోని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌లో రికార్డ్ నొక్కితే టేప్ మీద కూడా రికార్డింగ్ మొదలవ్వాలని రాశావు. తప్పకుండా అవుతుంది. కాకపోతే ముందు ఒక్క సంగతి పట్టుకో. ఆర్డర్లు కంప్యూటర్ నుంచి టేప్‌కు వెళ్తాయి, టైమ్ మాత్రం టేప్ నుంచి కంప్యూటర్‌కు వస్తుంది. ప్లే నొక్కిన క్షణానే రెండూ కలిసి కదలాలని చూస్తే విసుగే మిగులుతుంది. రీలు వేగం అందుకోవడానికి కొంత వ్యవధి కావాలి. అందుకని టేప్ ముందు నడవాలి, క్యూబేస్ దాన్ని అందుకోవాలి.

ఆ ఆర్డర్లనే ఎంఎంసీ అంటారు, మిడి మెషీన్ కంట్రోల్. 1992లో ఖాయమైన పద్ధతి. మిడి అంటే సంగీత పరికరాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష. ఆర్8కి అది నేరుగా రాదు, ఎంటీసీ-1 అనే పెట్టె తగిలించాలి. మెషీన్‌తో పాటు అది రాకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని వెతుకు.

తర్వాత టేప్ మీద టైమ్‌కోడ్ వేయాలి, అంటే టేప్ ఏ క్షణంలో ఉందో కంప్యూటర్‌కు చెప్పే సిగ్నల్. ఎనిమిదో ట్రాక్ దానికే వదిలెయ్. 1800 అడుగుల రీలు ఆ మెషీన్ వేగానికి, అంటే సెకనుకు 15 అంగుళాల చొప్పున, 24 నిమిషాలు వస్తుంది. ఆ 24 నిమిషాలూ ఆపకుండా ఒకేసారి వేసెయ్. అంతకుముందు హెడ్లు శుభ్రంగా తుడువు. కోడ్ ట్రాక్ మీద డాల్బీ, అంటే టేప్ రొద తగ్గించే ఏర్పాటు, ఆపెయ్. మీటర్ మీద లెవెల్ మైనస్ 10కీ మైనస్ 5కీ మధ్య ఉంటే చాలు, ఇంకా పెంచితే పక్క ట్రాక్‌లోకి దోమ చెవిలో దూరినట్టు దూరుతుంది. ఏడో ట్రాక్ ఖాళీగా ఉంచడం మంచిది. తప్పదనుకుంటే బేస్ గిటార్ పెట్టు, గొంతు మాత్రం పెట్టకు. ఫ్రేమ్ రేట్, అంటే కోడ్‌లో సెకనుకు ఎన్ని భాగాలో, 25 పెట్టుకో, రెండు వైపులా అదే ఉండాలి. కోడ్‌ను సున్నా నుంచి మొదలుపెట్టకు. పాట 01:00:00:00 దగ్గర పడేలా, కోడ్ దానికి ఓ అర నిమిషం ముందే మొదలయ్యేలా చూసుకో. సున్నా దగ్గర మొదలుపెట్టి కొంచెం వెనక్కి తిప్పావంటే అక్కడ 23:59 కనిపిస్తుంది, పాపం మెషీన్ రీలంతా వెతుక్కుంటుంది.

క్యూబేస్‌లో ట్రాన్స్‌పోర్ట్ మెనూలో ప్రాజెక్ట్ సింక్రొనైజేషన్ సెటప్ తెరువు. టైమ్‌కోడ్ సోర్స్ మిడి టైమ్‌కోడ్ చెయ్, ఎంఎంసీ మాస్టర్ ఆన్ చెయ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఆ పెట్టె ఉన్న పోర్ట్‌కే ఇవ్వు. ప్రాజెక్ట్ స్టార్ట్ టైమ్ కోడ్‌కు సరిపోవాలి. ఎక్స్‌టర్నల్ సింక్ ఆన్ చేయడం మరిచిపోకు, సగం ఫోన్‌కాల్స్ నాకు దాని గురించే వస్తాయి.

ఇక అసలు రికార్డింగ్. ఇక్కడ తొందరపడొద్దు రా. కంప్యూటర్‌లో అండూ ఉంది, టేప్‌కు లేదు. ఎక్కిందంటే కిందది పోయినట్టే. మొదట పనికిరాని రీలు పెట్టి లొకేట్, ప్లే, స్టాప్ మాత్రమే చేసి చూడు. ట్రాక్‌లన్నీ సేఫ్‌లో, అంటే రికార్డ్ కాని స్థితిలో, ఉండగానే రికార్డ్ నొక్కి, మిడి సందేశాలు చూపించే మిడి మానిటర్ ప్రోగ్రామ్‌లో ఏం వెళ్తోందో చదువు. ఎఫ్0 7ఎఫ్ 7ఎఫ్ 06 06 ఎఫ్7 అని కనిపిస్తే రికార్డ్ ఆర్డర్ బయల్దేరినట్టు. చివరి 06 బదులు 07 ఉంటే అది పంచ్ అవుట్, అంటే టేప్ నడుస్తుండగానే రికార్డింగ్ ఆపడం, 01 అయితే స్టాప్. మూడో బైట్ 7ఎఫ్ అంటే లైన్ మీదున్న మెషీన్లన్నీ వినాలని అర్థం. నీ దగ్గర ఇంకో మెషీన్ ఉంటే 7ఎఫ్ తీసేసి, దేని ఐడీ దానికివ్వు. లేకపోతే పక్కది కూడా రికార్డ్‌లోకి వెళ్తుంది.

ట్రాక్ ఆర్మ్ చేయడం, అంటే రికార్డింగ్‌కు సిద్ధం చేయడం, సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకు. మెషీన్ మీద నీ చేత్తోనే నొక్కు, ఆ ఎర్ర లైట్ కళ్లతో చూశాకే పంచ్ ఇన్ అవ్వు, అంటే నడుస్తున్న టేప్ మీద రికార్డింగ్‌లోకి దిగు. ఎనిమిదో ట్రాక్ బటన్ జోలికి అసలు వెళ్లకు, కోడ్ చెరిగితే ఆ రీలులో సింక్ అంతా పోతుంది. పంచ్‌కు పది సెకన్ల ముందు నుంచి టేప్ నడిపించు. చరణానికీ చరణానికీ మధ్య గాయకుడు ఊపిరి తీసుకునే చోట కొట్టు. గమకం మధ్యలో కొట్టావంటే అతుకు వినిపించి తీరుతుంది.

టేప్ నుంచి తిరిగి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏడు ట్రాక్‌లూ ఒకే పాస్‌లో తీసుకో. టేప్ ఒక్కోసారి ఒక్కోలా తిరుగుతుంది. విడివిడిగా ఎక్కిస్తే పాట చివరికొచ్చేసరికి వయొలిన్ ఒకచోట, మృదంగం ఒకచోట ఉంటాయి. కంప్యూటర్‌లోకి శబ్దం తీసుకునే నీ ఇంటర్‌ఫేస్‌కు కనీసం ఏడు ఇన్‌పుట్లు లేకపోతే ఎవరిదగ్గరైనా ఒక్క రోజుకు అడిగి తెచ్చుకో.

ఇట్లు,
నీ బాబాయ్