మడ మొక్కకు ముందు నీటి దారి

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

గోదారి పాయ గాడేరు ఒడ్డున బోసిపోయిన చోట మీ వనసంరక్షణ సమితి వాళ్లు మడ, అంటే ఉప్పునీటి చెట్లు, నాటుదామంటున్నారన్నావు. మొక్కల సంగతి తరవాత. అమావాస్య పోటుకి అక్కడికి ఎక్కిన సముద్రపు నీళ్లు పాటుకి, అంటే నీరు దిగే వేళకి, తిరిగి వెళ్తున్నాయో లేదో ముందు చూడు. పళ్లెంలా గుంటపడ్డ నేలలో పోటునీరు నిలిచిపోయి, ఎండకు ఇగిరి, పైన తెల్లగా ఉప్పు పేరుతుంది. ఆ ఉప్పులో మడ మొక్క బతకదు.

పోటు మట్టం కర్రల మీద గీసి, మేస్త్రీలు వాడే నీళ్లగొట్టంతో ఎత్తుపల్లాలు తీసుకున్నాకే కాలువకు గీత గియ్యండి. చేపముల్లు పద్ధతి మంచిది. పాయ నుంచి గుంట నడిమికి పెద్ద కాలువ: పైన 10 అడుగుల వెడల్పు, అడుగున 3, లోతు 3. దానికి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో, లోపలివైపు సాగే పిల్లకాలువలు, లోతు రెండున్నర అడుగులు. వాలు అంతా పాయవైపే ఉండాలి, లేదంటే చివర్లలో నీరు మురుగుతుంది. ఒడ్డులు ఏటవాలుగా కొయ్యండి, నిలువుగా కోస్తే జారిపోతాయి. తవ్విన మట్టిని మాత్రం కూలీలు అలవాటుకొద్దీ ఒడ్డునే వరసగా పోసేస్తారు, పోటు అక్కడే ఆగిపోతుంది. దూరంగా, పలచగా పరిపించు.

తవ్వకం జూన్ లోగా అయిపోవాలి. ధవళేశ్వరంలో గేట్లెత్తితే దిగే ఎర్రటి వరదనీరే ఆ ఉప్పును కడిగేది. ఎండాకాలం ఏటికి వచ్చే కాస్త నీళ్లూ పంట కాలువలకే పోతాయి, ఇటు ఆశ పెట్టుకోకు. వరద తీశాక పిల్లకాలువల మొదళ్లలో ఒండ్రు మేట వేస్తుంది. కనీసం మూడేళ్లు ఏటా పూడిక తీయించు, దానికి డబ్బు ముందే పక్కన పెట్టించు.

నాటడానికి తెల్లమడే మేలు, ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. వానాకాలంలో రాలిన కాయలు ఏరి, రాత్రంతా నానబెట్టి, తొక్క ఊడాక బురద సంచుల్లో పెంచండి. అడుగు దాటిన మొక్కల్ని మరుసటి వానాకాలంలో కాలువ ఏటవాలు మీద, నడిమి ఎత్తులో, ఆరేసి అడుగుల దూరంలో పెట్టండి. మరీ కిందైతే ఎప్పుడూ మునిగే ఉంటుంది, గట్టు మీదైతే ఎండుతుంది. ఉప్పుపొన్న అనే ఇంకో మడ రకం అందంగా ఉందని ఇక్కడ తెచ్చి పెట్టొద్దు, దాని చోటు పాయ అంచు.

గేదెల్ని రెండేళ్లు రానివ్వకండి. అది రిజర్వు అడవైతే గునపం దింపకముందే అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. దారికడ్డొచ్చిన తిల్ల (పాలు కారే మడ చెట్టు) కొమ్మ తియ్యాల్సొస్తే కళ్లకు అద్దాలు పెట్టుకోమను, ఆ పాలు పడితే చూపుకే ముప్పు.