100 మిల్లీసెకన్లే బతికే ఐసోటోప్‌ని పెన్నింగ్ ట్రాప్‌లో ఎలా తూస్తారు?

గుంటూరు ఎమ్మెస్సీ విద్యార్థి ప్రశ్న: అర్ధాయుష్షు 100 మిల్లీసెకన్లైతే, కోటికి ఒక వంతు కచ్చితత్వం ఎలా వస్తుంది? ఎంతసేపు పట్టి ఉంచాలి?

పెన్నింగ్ ట్రాప్ అంటే అయస్కాంత, విద్యుత్ క్షేత్రాలతో అయాన్లని (ఛార్జి ఉన్న పరమాణువుల్ని) పట్టి ఉంచే పరికరం. తూచడమంటే ఇక్కడ అయాన్ తిరిగే వేగాన్ని లెక్కపెట్టడమే. 7 టెస్లా మాగ్నెట్‌లో ఒక్క ఛార్జి, ద్రవ్యరాశి సంఖ్య 100 ఉన్న అయాన్ సెకనుకు సుమారు 10.7 లక్షల చుట్లు తిరుగుతుంది. ఈ సంఖ్యే సైక్లోట్రాన్ పౌనఃపున్యం. బరువు పెరిగితే చుట్లు తగ్గుతాయి.

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఇలా తూచే ఐసోల్‌ట్రాప్ పద్ధతి చూడండి. అయాన్ బీమ్‌ని హీలియం నింపిన ఆర్‌ఎఫ్ (రేడియో పౌనఃపున్య విద్యుత్ క్షేత్రం) కూలర్‌లో చల్లార్చి గుత్తిగా చేస్తారు. మొదటి ట్రాప్‌లో కల్తీ ఏరేస్తారు. రెండో ట్రాప్‌లో ఆర్‌ఎఫ్ ఇచ్చి, డిటెక్టర్ మీదకి వదులుతారు. ఆర్‌ఎఫ్ సరిగ్గా సైక్లోట్రాన్ పౌనఃపున్యం దగ్గరుంటే అయాన్ మిగతా పౌనఃపున్యాలప్పటికంటే ముందు చేరుతుంది.

ఆర్‌ఎఫ్ ఎంతసేపు ఇస్తే రెజొనెన్స్ (చేరే సమయం తగ్గే ఆ పౌనఃపున్యాల పట్టీ) అంత సన్నబడుతుంది, కానీ అయాన్లు ఈలోపు చచ్చిపోతుంటాయి. లెక్క వేస్తే, బీమ్ పల్సుల మధ్య ఖాళీ ఎక్కువుంటే అర్ధాయుష్షుకి 2.9 రెట్లు, వెంటవెంటనే కొలుస్తుంటే 1.4 రెట్లకి కాస్త పైన లాభం. మీ అయాన్‌కి 200 మిల్లీసెకన్లు పెట్టండి. విభేదన శక్తి (సెకనుకి చుట్లు × ఆర్‌ఎఫ్ ఇచ్చిన సెకన్లు) 2.1 లక్షలు వస్తుంది. కోటికి ఒక వంతు కావాలంటే అంచనాకి రెండు వేల పైచిలుకు అయాన్లు లెక్కకి రావాలి.

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ట్రాప్‌లో ఒకే ద్రవ్యరాశి సంఖ్య ఉన్న వేరే అయాన్ కూడా ఉంటే రెజొనెన్స్ తన చోటు నుంచి పక్కకి తప్పుతుంది. అందుకే ఒక్కోసారికి ఒకటి రెండు అయాన్లే ఉంచాలి. డేటాని అయాన్ల సంఖ్యని బట్టి విడగొట్టి, ఒక్క అయాన్ విలువకి పొడిగించాలి. రెండోది, అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉండదు. మాగ్నెట్‌ని చల్లబరుస్తూ మరుగుతున్న హీలియం పీడనం, బోర్ (మాగ్నెట్ లోపలి గొట్టం) ఉష్ణోగ్రత మారితే అదీ మారుతుంది. పీడనాన్ని అదుపులో పెట్టకుండా ఇలాంటి మాగ్నెట్‌ని గుంటూరులో పెడితే, బంగాళాఖాతంలో పట్టిన ప్రతి వాయుగుండం డేటాలో కనబడుతుంది! అందుకే కొలతకి ముందొకసారి, తర్వాతొకసారి ద్రవ్యరాశి బాగా తెలిసిన రుబీడియం-85ని కొలిచి, మధ్య విలువ తీసుకుంటారు.

చివర్లో అయాన్ ద్రవ్యరాశికి ఎలక్ట్రాన్‌ది కలపాలి, రుబీడియం నుంచీ ముందే తీసేయాలి. రెండూ మరిచిపోతే తేడా 90 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కోటికి ఒక వంతంటే ఇక్కడ 9.3 మాత్రమే.