తక్కువ రేటులో బైట్‌ఫీడర్ రీలు: ఏది కొనాలి, ఉప్పునీళ్ళకి చెడకుండా ఎట్టా వాడాలి

ఒంగోలు తమ్ముడు అడిగింది ఏందంటే, నాలుగు వేల లోపల బైట్‌ఫీడర్ రీలు (చేప ఎర పట్టుకుని పోతే దారం తేలిగ్గా వదిలే గాలం రీలు) ఏది తీసుకోవాలి, ఒకే రీలు గుండ్లకమ్మ డ్యాములో శీలావతికీ కొత్తపట్నం బీచ్‌లో సముద్రం చేపకీ పనికొస్తాదా, తుప్పు పట్టకుండా ఎట్టా చూసుకోవాలి అని. నేను నెల్లూరోడిని తమ్ముడూ, పదకొండేళ్ళుగా ఆదివారం వస్తే గాలమే నా పని, ఈ లెక్కన మూడు బైట్‌ఫీడర్ రీళ్ళు అయినాయి, అందులో రెండు నేనే చేజేతులా చంపుకున్నా. ఆ అనుభవంతో చెప్తున్నా, కంపెనీ మనిషిని కాదు.

ముందు ఈ రీలు అసలు నీకు కావాల్నా లేదా అన్నది తేల్చుకో. నాకు ఎట్టా తెలిసిందో చెప్తా. సోమశిల వెనకనీళ్ళ కాడ, అప్పట్లో నాది మామూలు స్పిన్నింగ్ రీలు, తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ముద్ద వేసి, రాడ్‌ని రాయికి ఆనించి, డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువుకి జారాలో పెట్టుకునే బ్రేకు) గట్టిగా బిగించి పెట్టి, టీ పోసుకుందామని ఫ్లాస్కు మూత తిప్పుతా ఉండా. అంతే, రాడ్డు బల్లెం విసిరినట్టు నీళ్ళలోకి పోయింది. నడుం లోతు దాకా దిగినా, దొరకలా. పక్కనున్న మా బామ్మర్ది నవ్వలేక కింద కూలబడ్డాడు, ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యం అయినా ఆ కథ ఒకసారి చెప్పాల్సిందే వాడికి. శీలావతో, బొచ్చో, వాలుగో నాకు తెలీదు, కానీ డ్రాగ్ వదులుగా ఉంటే రాడ్ నా చేతిలోనే ఉండేది. వదులుగా పెడితే ఏమవతాదంటే చేప లాగినప్పుడు మళ్ళీ ముందు నాబ్ పట్టుకుని బిగించుకోవాలి, ఆ కంగారులో ఎక్కువ బిగిస్తే దారం తెగతాది, తక్కువ బిగిస్తే గాలం దిగదు.

బైట్‌ఫీడర్ చేసేది ఇదే పని. దాంట్లో రెండు డ్రాగులు ఉంటాయి. వెనక ఒక లివరు, దాని పక్కన చిన్న నాబు. లివరు వేస్తే స్పూలు (దారం చుట్టి ఉండే చక్రం) పెద్ద డ్రాగు పట్టులోంచి వదిలేసుకుని వెనక నాబు పట్టులోకి వస్తాది, చేప ఎర నోట్లో పెట్టుకుని పోతా ఉంటే బరువు తెలీకుండా దారం వదులుతాది, క్లిక్ క్లిక్ మని సౌండు కూడా వస్తాది, నువ్వు చెట్టు కింద ఉన్నా వినపడతాది. లేచి వచ్చి హ్యాండిల్ ఒక అర చుట్టు తిప్పితే చాలు, లివరు టక్కున వెనక్కి పడి పెద్ద డ్రాగు పట్టుకుంటాది, అది నువ్వు ముందే సెట్ చేసి పెట్టుకున్నదే కాబట్టి తడుముకునే పని లేదు. షిమానో వాళ్ళు దీన్ని బైట్‌రన్నర్ అంటారు, ఒకుమా వాళ్ళు బైట్‌ఫీడర్ అంటారు, పెన్ వాళ్ళు లైవ్ లైనర్ అంటారు, పేర్లే వేరు, పని ఒకటే.

నీళ్ళ అడుగున ఎర వేసి కూర్చునే వాళ్ళకి ఇది బంగారం. డ్యాములో శీలావతి, ఎర్రమోసు, బంగారు తీగ, జెల్ల, వాలుగ, ఏరు సముద్రంలో కలిసే మొగలో బతికున్న రొయ్య వేసి పండుగప్ప, వీటికి కొనుక్కో. కొర్రమేనుకి రబ్బరు కప్ప విసిరి విసిరి లాగేవాడివైతే మాత్రం వద్దు, బరువు ఎక్కువ, సాయంత్రానికి మణికట్టు పోతాది, ఆ లివరుతో నీకు పనే లేదు. బెండు కట్టి బొమ్మిడాయిలు పట్టేదానికి అసలు రీలే అక్కర్లా.

ఇంక కొనడం సంగతి. అందరూ మొదట అడిగేది బేరింగులు ఎన్ని అని. డబ్బా మీద పది అని రాసుంటే మంచిది, నాలుగు అని రాసుంటే చెత్త అనుకుంటారు, అది నమ్మబాకు. తక్కువ రేటు రీలులో పది చవక బేరింగులు ఉంటే ఉప్పునీళ్ళకి తుప్పు పట్టేవి పది ఉన్నట్టే లెక్క. నేను చూసేది వేరే.

షాపులో చేతికి తీసుకుని మొట్టమొదట లివరు వేసి స్పూలు చేత్తో లాగి చూడు. ఒకే తీరుగా మెత్తగా రావాల, పట్టి పట్టి వదలకూడదు. తర్వాత హ్యాండిల్ నిదానంగా తిప్పు, లివరు ఎంతలో పడతాదో చూడు. అర చుట్టులోపల శుభ్రంగా పడితే మంచిది, రెండు చుట్లు తిప్పినా పడకుండా సగంలో నిలబడితే అది ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోబాక. ఇరవై ముప్పై సార్లు వేసి తీసి చూడు, షాపాయన మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. ఎందుకంటే చవక బైట్‌ఫీడర్లలో ముందు పోయేది ఈ లివరు లోపల ఉండే చిన్న స్ప్రింగే, పెద్ద గేర్లు కాదు. నా రెండో రీలుకి అదే పోయింది, స్పేరు యాడా దొరకలా, నెల్లూరు ట్రంకు రోడ్డంతా తిరిగి చివరికి ఒక వాచీ రిపేరాయన కాడ బాల్‌పెన్ను స్ప్రింగు కోసి పెట్టిస్తే నాలుగు నెలలు నడిచింది.

ఆ తర్వాత హ్యాండిల్ పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిలించి చూడు, వెనక్కి కొట్టుకోకూడదు. బెయిల్ తీగ (దారాన్ని స్పూలు మీదకి చుట్టే వంపు తీగ) చివర దారం పోయే చిన్న రోలరు ఉంటాది, దాన్ని వేలితో తిప్పు, తిరగాల. అది తిరగకపోతే దారం దాన్ని ఒరుసుకుని ఒరుసుకుని పాడవతాది, దారం మెలికలు పడేదానికి కూడా అదొక కారణం. హ్యాండిల్ గబగబా తిప్పి వదిలితే రీలు చేతిలో ఊగితే స్పూలు చుట్టూ తిరిగే రోటరు బ్యాలెన్సు లేదని, అది కొంచెం ఉన్నా పర్లేదు నాలుగు వేలకి అంతకంటే ఏం వస్తాది.

సైజు కాడ జాగ్రత్త. ఒక కంపెనీ 40 అంటాది, ఇంకోటి 4000 అంటాది, ఇంకోటి 6000 అంటాది, ఒకదాని నంబరుతో ఇంకోదాన్ని పోల్చబాకు, స్పూలు మీద ఎంత మందం దారం ఎన్ని మీటర్లు పడతాదో రాసుంటాది అది చదువు. నువ్వు డ్యాముకీ బీచ్‌కీ రెండిటికీ అంటున్నావు కాబట్టి 0.35 మిల్లీమీటర్ల తంగూసు రెండొందల మీటర్లకి తగ్గకుండా పట్టేది చూసుకో. దానికంటే పెద్దది కొంటే బీచ్‌లో బాగుంటాది గానీ డ్యాము గట్టు మీద బండరాయి మోసినట్టు ఉంటాది. గేరు రేషియో ఈ రకం రీళ్ళలో కొంచెం తక్కువే ఉంటాది, హ్యాండిల్ ఒక చుట్టుకి రోటరు నాలుగున్నర ఐదు చుట్లు, దానికి బాధపడబాకు, బరువు చేపని లాగేదానికి అదే సుఖం. బాడీ గ్రాఫైటా మెటలా అని కొట్టుకుంటుంటారు, నా మాటకి ఉప్పునీళ్ళకి గ్రాఫైటే నయం, తుప్పు పట్టదు, కాకపోతే గట్టిగా బిగిస్తే కొంచెం వంగినట్టు అనిపిస్తాది. నా మూడోది గ్రాఫైటు బాడీదే, 3400 పెట్టి తీసుకున్నా, ఐదో ఏడు నడస్తా ఉంది. ఆన్‌లైన్‌లో పేరులేని రీళ్ళు పన్నెండొందలకి వస్తాయి, వాటిల్లో కొన్నిటికి వెనక లివరు ఉంటాది గానీ అది హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే ఒట్టి వన్‌వే స్విచ్చు, బైట్‌ఫీడర్ కాదు, ఫొటో చూసి మోసపోబాక, రెండో డ్రాగు నాబు ఉందా లేదా చూడు.

దారం స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా చుట్టుకో. నిండా చుడితే విసిరినప్పుడు గుత్తులు గుత్తులుగా వచ్చేస్తాది, మరీ తక్కువ చుడితే దూరం పోదు. చుట్టేటప్పుడు తడిగుడ్డతో దారం పట్టుకుని టైటుగా చుట్టు.

పెద్ద డ్రాగు సెట్ చేసేదానికి స్ప్రింగు కాటా వాడు, చేపల మార్కెట్లో ఉంటాదే ఆ కొక్కెం కాటా. దారం ఎంత బరువుకి తెగతాదని రాసుంటే అందులో పావు వంతు. ఎనిమిది కేజీల దారమైతే కాటా రెండు కేజీలు చూపించినప్పుడు డ్రాగు జారాల, అంతకి పెట్టి వదిలేయి. వెనక నాబుకి కాటా అక్కర్లా, నీళ్ళ లాగుడికీ గాలికీ దారం పోకుండా ఉండేంత, అంతే. డ్యాములో నిలవ నీళ్ళలో దాదాపు వదులుగా పెట్టొచ్చు, ఊటుకూరు కాడ పెన్నా మొగలో అయితే పోటూ పాటూ మారినప్పుడల్లా ఆ నాబు కొంచెం కొంచెం మార్చుకుంటా ఉండాల, లేకపోతే చేప లేకుండానే క్లిక్ క్లిక్ మంటా ఉంటాది, నువ్వు పరిగెత్తి చచ్చేదానికి సరిపోతాది.

చేప పోతా ఉన్నప్పుడు కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. లివరు అట్టనే ఉంచి రాడ్డు పైకి ఒక్క గుంజు గుంజుతారు, స్పూలు గిర్రున తిరిగి దారమంతా పిచ్చుక గూడయిపోతాది. ముందు హ్యాండిల్ తిప్పి లివరు పడిన శబ్దం విని తర్వాత లేపు. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగి గుండ్రంగా ఉండే గాలం) వాడితే గుంజే పనే లేదు, హ్యాండిల్ తిప్పతా పోతే అదే మూతి చివర పడతాది. ఎక్కువసేపు పోనియ్యబాకు, వాలుగ, జెల్ల మింగేస్తాయి, చిన్నదైతే తిరిగి వదిలినా బతకదు. చేప దారం లాక్కుంటా ఉన్నప్పుడు నువ్వు హ్యాండిల్ తిప్పబాకు, ఆ తిప్పిన ప్రతి చుట్టుకీ దారంలో మెలిక పడతాది.

ఇప్పుడు మెయింటెనెన్సు, అసలు కథ ఇక్కడే. నా మొదటి బైట్‌ఫీడర్ ఎట్టా పోయిందంటే, మైపాడు బీచ్ నుంచి రాత్రి పదింటికి వచ్చి, రేపు కడుగుదాంలే అని తడి రీలుని అట్టనే బ్యాగులో వేసి జిప్పు లాగేసినా. ఆ రేపు అన్నది పదిహేను రోజులకి వచ్చింది. తీసి చూస్తే బెయిల్ తీగ కాడ తెల్లగా ఉప్పు పూత, రోలరు అంటుకుపోయింది, లివరు కదలదు. నీళ్ళలో నానబెట్టి, నూనె పోసి, ఏం చేసినా గరగరమని శబ్దం పోలా. బీచ్ నుంచి ఇంటికి వచ్చినాక నువ్వు స్నానం చేసే ముందు రీలుకి స్నానం చేయించు, అదొక్కటి చేస్తే సగం గెలిచినట్టే.

కడిగే పద్ధతి ఉంది. ముందు పెద్ద డ్రాగు నాబు బిగించు, నీళ్ళు డ్రాగు లోపలి వాషర్లలోకి పోకుండా. మగ్గుతో నీళ్ళు సన్నగా పొయ్యి, పైపు పెట్టి జోరుగా కొట్టబాకు, ఆ జోరుకి ఉప్పు, ఇసక లోపలికి పోతాది. బకెట్లో ముంచబాకు. ఇంకో సంగతి, మన తీరం ఊళ్ళలో చానా చోట్ల బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, దాంతో కడిగి ఉపయోగం ఏముంది, క్యాను నీళ్ళు ఒక లీటరు ఖర్చు పెట్టు. విదిలించి, పాత బనీనుతో తుడిచి, డ్రాగు నాబు వదులు చేసి, స్పూలు ఊడదీసి దాని కింద ఇరుసు కూడా తుడిచి, నీడలో ఆరబెట్టు. ఎండలో పెట్టబాకు. డ్రాగు వదులుగానే ఉంచి దాచు, బిగించి నెలలు ఉంచితే వాషర్లు అణిగిపోయి తర్వాత పట్టి పట్టి జారతాయి.

ఆరినాక రోలరుకి ఒక చుక్క, బెయిల్ తీగ రెండు చివర్లకీ ఒక్కో చుక్క, హ్యాండిల్ నాబుకి ఒక చుక్క, కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడతాది, పాతబడితే జిగురవతాది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టేసి అయిపోయింది అనుకునేవాళ్ళు ఉంటారు, అది లోపలున్న గ్రీజుని కూడా కరిగించి పంపిస్తాది.

ఏడాదికోసారి విప్పు, సముద్రానికి ఎక్కువ పోతే ఆరు నెలలకి. కింద తెల్లగుడ్డ పరుచుకో, ప్రతి మరా విప్పినప్పుడు ఫోనుతో ఫొటో తీయి. లోపల బేరింగుల పక్కన కాగితం మందం వాషర్లు ఉంటాయి, గ్రీజుకి అంటుకుని కనపడవు, ఒక్కటి పోయినా గేరు కొట్టుకుంటాది. ఇనప ముక్కలు మాత్రం కిరసనాయిలులో కడుక్కో, ప్లాస్టిక్ వాటికి సబ్బు నీళ్ళు చాలు. గేరు పళ్ళకి గ్రీజు పలచగా రాయి, బండి చైనుకి పూసినట్టు మెత్తబాకు. లివరు స్ప్రింగుని తీయకుండా బ్రష్షుతో తుడిచి ఒక చుక్క నూనె వేసి మూసేయి, అది ఎగిరి పోయిందంటే మంచం కింద కూడా దొరకదు.

వన్‌వే క్లచ్ (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టే భాగం) కాడ మాత్రం గ్రీజు తగలనియ్యబాకు. నేను రెండో రీలుకి అతి ప్రేమతో అక్కడ కూడా దట్టంగా పెట్టినా, జనవరిలో తెల్లారుజామున కండలేరు గట్టు మీద చేప పడితే హ్యాండిల్ వెనక్కి గిరగిర తిరిగి వేళ్ళ కణుపుల మీద కొట్టింది చూడు, రెండు రోజులు అన్నం ఎడం చేత్తో తిన్నా. లోపల చిన్న చిన్న రోలర్లు ఉంటాయి, గ్రీజు చల్లబడి గట్టిపడితే అవి జారిపోతాయి. తుడిచేసి పలచటి నూనె ఒక్క చుక్క వేస్తే సరయిపోయింది. డ్రాగు వాషర్లకి కూడా ఏ గ్రీజు పడితే అది రాయబాకు, కార్బన్‌వి అయితే డ్రాగు గ్రీజు అని విడిగా అమ్ముతారు అదే కొంచెం, వేరే గ్రీజు వద్దు.

బీచ్‌లో రీలుని ఇసక మీద పడుకోబెట్టబాకు, ఒక్క రేణువు పోయినా వారం గరగరమంటాది. ఇంచిన్నర పీవీసీ పైపు నాలుగడుగులు తీసుకుని ఒక చివర ఏటవాలుగా కోసి ఇసకలో దింపితే బ్రహ్మాండమైన స్టాండు, ఎనభై రూపాయల్లో అయిపోయింది నాకు.

గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో ఇంకోటి కొట్టుకుపోయి నీళ్ళు ఖాళీ అయిన సంగతి నీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి పోయే ముందు నీటిమట్టం ఎంతుందో, చేపల సొసైటీ వాళ్ళు గాలం వెయ్యనిస్తారో లేదో మల్లవరం కాడ అడిగి పో. రీలు కొన్నాక మోడలు ఏదో చెప్పు, లోపల విప్పిన ఫొటోలు నా కాడ ఉంటే పెడతా.