అంబాసిడర్ ముందు భాగాలను గుర్తుపట్టడం

నమస్కారం అండీ. మిర్యాలగూడలో మీ నాన్నగారి అంబాసిడర్ ముందు భాగం విప్పాక మిగిలిన మూడు రకాల భాగాలు ఏవని అడిగారు.

రెండు చివరలా పళ్లున్న ఆ పొడవాటి ఉక్కు కడ్డీలు టార్షన్ బార్లు. ప్రీమియర్ పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి గానీ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు ఆధారంగా వచ్చిన అంబాసిడర్‌లో ముందు బరువంతా ఈ కడ్డీలు మెలిపడడం మీదే నిలుస్తుంది. అందుకే మీకు స్ప్రింగులు కనిపించలేదు. ఏళ్ల తరబడి ఒకే వైపు మెలిక పడి వాటి ఉక్కు అలాగే కుదురుకుని ఉంటుంది కనుక కుడిదాన్ని ఎడమకు మార్చకండి. వెంటనే పళ్ల చివర రంగు చుక్క పెట్టండి. కడ్డీ నడుమ ఆకురాయి గీత పడినా అక్కడి నుంచే పగులు మొదలవుతుంది, కాబట్టి దాన్ని వైస్‌లో బిగించవద్దని మీ మెకానిక్‌కు గట్టిగా చెప్పండి.

రెండు కొసలకూ మడతల రబ్బరు తొడుగులున్న అడ్డ గొట్టం స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీ ఉండే భాగం. ఎడమ తొడుగు మడత లోపల ఎర్రమట్టి కలిసిన గ్రీజు మీరు పంపిన ఫొటోలో కనిపిస్తోంది. అంటే తొడుగు చిరిగింది, ర్యాక్ పళ్లు తప్పక చూడాలి.

గుండు తల ఉన్న చిన్న ముక్కలు టై రాడ్ ఎండ్లు, అంటే స్టీరింగ్ ర్యాక్‌ను చక్రాలకు కలిపే కీళ్లు. వాటిని విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్క రాసుకుంటే, కొత్తవి బిగించాక చక్రాల అలైన్‌మెంట్ (చక్రాలు నేరుగా ఉండేలా సరిచేయడం) కోసం నల్లగొండ దాకా బండి క్షేమంగా వెళ్తుంది.