రూపచిత్రం నేర్చుకుంటున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మలు చూశాను. కనురెప్పల వెంట్రుకలు సైతం ఓపికగా గీశావు, కానీ పోలిక రాలేదని నువ్వే రాశావు. తెలిసిన మనిషి దూరం నుంచి వస్తున్నప్పుడు, కళ్లూ ముక్కూ స్పష్టపడకముందే, తల ఆకారాన్నీ మెడ వాలునూ ముఖం మీద పడిన నీడలనూ బట్టి మనం గుర్తుపడతాం. నువ్వు ఆ పెద్ద ఆకారాలను విడిచి నేరుగా కళ్లతో మొదలుపెట్టావు. ఇకమీదట కళ్లను చివరికి ఉంచు.

ముందుగా తల మొత్తాన్ని పొడవాటి తిన్నని గీతలతో, చాలా తేలికగా, ఒక మోటు ఆకారంగా పెట్టుకో. వంపులు తర్వాత దిద్దుకోవచ్చు. ఎదురుగా చూస్తున్న తలలో కళ్లు నడినెత్తికీ గడ్డానికీ దాదాపు సగంలో ఉంటాయి, రెండు కళ్ల నడుమ ఇంచుమించు మరో కన్ను పట్టేంత చోటుంటుంది. కొత్తవాళ్లు నుదుటికీ కపాలానికీ చోటు తగ్గించి కళ్లను పైకి నెడతారు. నీ బొమ్మల్లోనూ అదే జరిగింది. అయితే ఇవి సగటు కొలతలు మాత్రమే. ఎదుటి ముఖం ఈ సగటు నుంచి ఎక్కడ, ఎంత పక్కకు తొలగిందో పట్టుకుంటేనే పోలిక వస్తుంది కనుక, ప్రతి కొలతనూ మనిషిని చూసే తీసుకో. మోచెయ్యి వంచకుండా చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలువు. చిన్న బరువు కట్టిన దారాన్ని ఎదురుగా వేలాడదీస్తే, కంటి మూలకు సరిగ్గా కింద పెదవి మూల వస్తోందో లేదో తేలిపోతుంది.

ఈ క్రమాన్ని అభ్యసించడానికి ఫ్రెంచి చిత్రకారుడు చార్లెస్ బార్గ్, మరో చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి 1866–1871 మధ్య వెలువరించిన లిథో ఫలకాలకు, అంటే రాతి అచ్చుతో ముద్రించిన డ్రాయింగ్ పాఠాల బొమ్మలకు, నకళ్లు తీయడం ఇప్పటికీ మంచి దారి. వాన్ గో కూడా వాటిని చూసి సాధన చేసినవాడే. ఆ తర్వాత ప్లాస్టర్ తలను చూసి గీయి. అది కదలదు, దానికి రంగూ లేదు కాబట్టి వెలుగునీడలు విడిగా కనబడతాయి.

వెలుగునీడల దగ్గరే ఎక్కువ కాలం గడపమంటాను. దీపం ఒక్కటే, ఒక పక్క నుంచే ఉండాలి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు చెరిగిపోయి, ముఖం వెలుగు, నీడ అనే రెండు భాగాలుగా విడిపోతుంది. ఆ సరిహద్దును గీసి, నీడ మొత్తాన్ని ముందు ఒకే ఛాయతో నింపు. నీడలో అన్నిటికన్నా లేతగా ఉన్న చోటు కూడా వెలుగులోని ముదురు చోటుకన్నా ముదురుగానే ఉండాలని పెట్టుకో. దవడ కింద ప్రతిఫలించే కాంతిని చూసి మురిసిపోయి తెల్లగా వదిలేస్తే గుండ్రదనం పోతుంది. గడ్డం మెడమీద వేసే నీడ అంచు పదునుగా ఉంటుంది, చెంప వంపు తిరిగేచోట నీడ మెల్లగా కరుగుతుంది. రెంటినీ ఒకేలా గీస్తే ముఖం అట్టముక్కలా కనబడుతుంది. వేలితో పులమకు, చర్మంలోని జిడ్డు కాగితానికి అంటి మరకలవుతుంది.

ఇన్ని కుదిరాక కళ్లకు రా. కనుగుడ్డు బంతిలా గుండ్రనిది, పైరెప్ప నీడ దానిమీద పడుతుంది, అందువల్ల కంటి తెలుపును కాగితం తెలుపుగా వదలరాదు. నీ బొమ్మల్లో చూపు బెదిరినట్టు ఉండటానికి అదే కారణం.

ఫొటోలను చూసి గీయడం పూర్తిగా మానమని చెప్పను. కానీ దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి తగ్గుతాయి, ఆ తప్పు నీ బొమ్మలోకీ వస్తుంది. మనిషిని కూర్చోబెట్టగలిగినప్పుడు మాత్రం ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతినివ్వు. వారు లేచే ముందే కుర్చీ కాళ్ల చుట్టూ, నువ్వు నిలబడ్డ చోటా సుద్దతో గుర్తులు పెట్టుకో. మళ్లీ కూర్చున్నప్పుడు తల ముందున్న వంపుకే వచ్చిందో లేదో దారంతో సరిచూసుకున్నాకే పెన్సిల్ పట్టు.