గింజలు తీసేస్తే కారం తగ్గుతుందా?

పెరట్లో హాబనేరో మిరప విరగకాసింది, సాస్ చేసి నిల్వ పెట్టాలి, కారం తగ్గడానికి గింజలు తీసేస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలదు. కారం పుట్టేది గింజల్లో కాదు, వాటిని అంటిపెట్టుకున్న తెల్లటి కండలో. దాన్ని గీకితే గింజలూ ఊడిపోతాయి కాబట్టి పేరు వాటికి దక్కింది.

మొదటి ఏడాది ఆ కండను నేను ఉత్త చేతులతో, బొటనవేలి గోరుతో గీకాను. ముక్కల్ని వినెగర్‌లో వేసి పొయ్యి మీద పెట్టి, ఉడికిందా అని మూత తీసి తొంగిచూశాను. ఆ ఆవిరికి ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలో పడ్డారు. అసలు కథ ఆ తర్వాత. గంటకు గోళ్ల కింద మంట మొదలైంది. కుళాయి కింద పెడితే హాయి, తీస్తే రెట్టింపు. మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్ నీళ్లలో కరగదన్న సంగతి రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది. వంటనూనె రుద్ది, గిన్నెల సబ్బుతో కడిగితే కాస్త కునుకు పట్టింది. తొడుగులు వేసుకోండి.

ఇంత చేస్తే ఆ సాస్‌లో మిగిలింది ఉత్త మంటే. హాబనేరోకున్న పండు వాసన ఉడికిస్తే పోతుంది. ఉడికించడం దాని పట్ల నేరం! ఇప్పుడు నేను పులియబెడతాను. ముక్కల బరువులో నూటికి మూడు వంతుల ఉప్పు కలిపి, ఊరిన రసంలో మునిగేలా నొక్కి, మూత వదులుగా పెట్టి, రెండు వారాలు వదిలేస్తాను. బిగిస్తే గ్యాస్‌కు సీసా పగలొచ్చు. తర్వాత వినెగర్‌తో రుబ్బుతాను. కారం తగ్గించాలంటే క్యారెట్ కలపండి, కానీ దానికి పులుపు లేదు. కలిపాక పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 లోపు ఉందో లేదో పీహెచ్ కాగితంతో చూసుకోండి. పచ్చి మిరప, వెల్లుల్లి ముక్కల్ని నూనెలో ముంచి బయట ఉంచే పని మాత్రం వద్దు. గాలి తగలని, పులుపు లేని చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారవుతుంది.

సీసా చూపగానే కొందరు 'ఎన్ని లక్షల స్కోవిల్' అని కారం కొలత అడుగుతారు, రుచి అడగరు. 1912లో అమెరికా ఫార్మసిస్టు స్కోవిల్ ఆ కొలత తేల్చింది చక్కెర నీళ్లు కలిపి మనుషుల చేత రుచి చూపించే! హాబనేరోకు లక్ష నుంచి మూడున్నర లక్షలు. తెలుసుకుని ఏం చేస్తారు?

అన్నట్టు, మిక్సీ మూతలోని రబ్బరు వాషర్ ఎంత కడిగినా ఘాటు వదలదు. మర్నాడు నా పళ్ల రసం నోరు మండించింది. సాస్ కోసం ఇంకో వాషర్ కొని పెట్టుకోండి.