పార్టీ గేమ్ దిగుమతికి ఏ కస్టమ్స్ కోడ్ వెయ్యాలి: 9503, 9504, 9505?

మీరు అడిగింది ఇదీ: చైనా నుంచి వైజాగ్ పోర్టుకు ఒక పార్టీ గేమ్ తెప్పిస్తున్నారు. పెట్టెలో దమ్ షరాస్ తరహా కార్డులు, చిన్న బోర్డు, పావులు, ఇసుక గడియారం, నొక్కితే మోగే బజర్ ఉన్నాయి. సప్లయర్ ఇన్వాయిస్‌లో 9505 వేశాడు, మీ సీహెచ్‌ఏ (కస్టమ్స్ క్లియరెన్స్ ఏజెంట్) 9503 అంటున్నారు. ఏది సరైనది?

ద్వారకానగర్‌లోని మా గిఫ్ట్ షాపు కోసం 2024లో మేము దాదాపు ఇలాంటి గేమే తెప్పించాం. 9504 90 90 కింద క్లియర్ అయింది. మీరు రాసిన వివరాలను బట్టి మీది కూడా అక్కడికే వెళ్లాలి.

9505ని వెంటనే పక్కన పెట్టెయ్యండి. అది పండగలకు, కార్నివాల్‌కు వాడే అలంకరణలు, మాస్కులు, మ్యాజిక్ సామాన్ల హెడ్డింగ్. పార్టీ సరుకు అమ్మే సప్లయర్లు అన్నిటికీ కలిపి అదే వేసేస్తుంటారు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డ్యూటీ లెక్క మనమే వేసుకుని ప్రకటించాలి కాబట్టి, రేపు తేడా వస్తే నోటీసు వచ్చేది మీకే గానీ సప్లయర్‌కి కాదు. ఇన్వాయిస్ సరిచేసి పంపమని ఇప్పుడే అడగండి.

అసలు పేచీ 9503కీ 9504కీ మధ్యే. 9503లో బొమ్మలు, పజిల్స్ వస్తాయి. 9504లో బల్ల మీదో గదిలోనో కూర్చుని ఆడే ఆటలు వస్తాయి. పిల్లలు ఆడతారు కాబట్టి బొమ్మే అని చాలామంది సీహెచ్‌ఏలు అనుకుంటారు. నేను దీనితో అస్సలు ఏకీభవించను. ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఇచ్చిన వివరణల్లో లూడో, వైకుంఠపాళి లాంటివి 9504 కిందే ఉన్నాయి. వాటిని ఆడేది ఎక్కువగా పిల్లలే కదా! చూడాల్సింది ఆడే తీరు. మీ గేమ్‌లో జట్లు ఉన్నాయి, వంతులు ఉన్నాయి, పాయింట్లు ఉన్నాయి, చివరికి ఒకరు గెలుస్తారు. అవేవీ లేకుండా ఊరికే చేతిలో పట్టుకుని ఆడుకునే వస్తువు అయితే అప్పుడు 9503 మాట ఆలోచించాలి.

పెట్టెలో రకరకాల వస్తువులు ఉండటం వల్ల భయపడక్కర్లేదు. ఒకే పెట్టెలో రిటైల్‌గా అమ్మే సెట్‌కి, వర్గీకరణ నియమాల్లోని 3(బి) ప్రకారం, దాని అసలు స్వభావాన్ని ఇచ్చే వస్తువును బట్టి కోడ్ వస్తుంది. ఇసుక గడియారం, బజర్ ఆటకు సాయం చేసేవి మాత్రమే. ఒకవేళ పెట్టెలో కార్డులు తప్ప ఇంకేమీ లేకపోతే 9504 40 00 వైపు చూడాల్సి ఉండేది. బోర్డూ పావులూ ఉన్నాయి కాబట్టి 9504 90 90 అన్నాను.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం డబ్బు. బొమ్మల మీద బేసిక్ డ్యూటీని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. 9504లోని ఇలాంటి ఆటల మీద మాత్రం మేం తెప్పించినప్పుడు 20 శాతమే. అంటే లక్ష రూపాయల సరుకుకి బేసిక్ డ్యూటీయే 9504లో 20,000, 9503లో 70,000. దిగుమతి మీద కట్టే ఐజీఎస్టీ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది గానీ ఈ డ్యూటీ రాదు, నేరుగా మీ ఖర్చులో కలిసిపోతుంది. ఫైల్ చేసే రోజున ఉన్న రేట్లు ఒకసారి చూసుకోండి.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సంగతి మాత్రం వేరేగా చూడాలి. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యత ఆదేశం 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన వస్తువులకు వర్తిస్తుంది. అక్కడ ముఖ్యం వయసు. కోడ్ 9504 అయినంత మాత్రాన ఆ బాధ తప్పినట్టు కాదు. పెట్టె మీద 8+ అని ఉంటే, ఆర్డర్ ఇచ్చే ముందే సప్లయర్‌కి బీఐఎస్ లైసెన్స్ ఉందో లేదో కనుక్కోండి. నిజంగా పెద్దవాళ్ల గేమ్ కాకుండా ఊరికే 14+ స్టిక్కర్ అంటించే పని మాత్రం దయచేసి చెయ్యకండి. కార్డుల మీద ఏముందో చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

మాకూ కస్టమ్స్ నుంచి ఎంక్వైరీ వచ్చింది. 9503 ఎందుకు కాదో చెప్పమన్నారు. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ కదా, సరుకు మన పోర్టులో ఉన్నా కాగితాలు చూసే అధికారి ఇంకో ఊళ్లో ఉండొచ్చు. పోర్ట్ ఏరియాలోని కస్టమ్ హౌస్‌కి వెళ్లి పెట్టె తెరిచి చూపిస్తే సరిపోయే రోజులు కావివి. ఆ అధికారికి మీ గేమ్ ఎలా ఉంటుందో తెలిసేది ఈ-సంచిత్‌లో (కస్టమ్స్‌కి ఆన్‌లైన్‌లో కాగితాలు అప్‌లోడ్ చేసే చోటు) మీరు పెట్టిన కాగితాల ద్వారానే. మేం రూల్ బుక్ మొత్తం, పెట్టె అన్ని వైపుల ఫొటోలు, లోపలి వస్తువుల జాబితా, ఎలా ఆడతారో వివరించే ఒక పేజీ పెట్టాం. ఆ ఒక్క పేజీయే మాకు బాగా పనికొచ్చింది. ఎంక్వైరీ వచ్చాక రాయడం మొదలుపెడితే ఆలోపు సీఎఫ్‌ఎస్‌లో (క్లియర్ అయ్యేదాకా కంటైనర్ సరుకు ఉంచే చోటు) చార్జీలు పెరుగుతూ ఉంటాయి, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. కాబట్టి ఓడ బయల్దేరకముందే రాసి పెట్టుకోండి. బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి ప్రకటన) కూడా ‘పార్టీ ఐటమ్’ అని వదిలెయ్యకుండా ‘కార్డులు, పావులతో ఆడే బోర్డు గేమ్’ అని రాయించండి.

ఒకవేళ వాళ్లు 9503కే మార్చి, మీరు ఒప్పుకోకపోతే, కారణాలతో రాతపూర్వక ఆదేశం అడిగే హక్కు మీకుంది. దాని మీద 60 రోజుల్లో కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి వెళ్లొచ్చు.

ఇదే గేమ్‌ని ఏటా కంటైనర్ల లెక్కన తెప్పించే ఆలోచన ఉంటే అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడ్ వర్తిస్తుందో ముందే ఇచ్చే అధికారిక నిర్ణయం) తీసుకోవడం మంచిది. ఢిల్లీలో, ముంబయిలో ఆ అథారిటీలు ఉన్నాయి, ఫీజు 10,000 రూపాయలు. రూలింగ్ 3 ఏళ్లు చెల్లుతుంది, ఈలోపు చట్టం మారకపోతే. చిన్న షిప్‌మెంట్‌కి అంత అవసరం లేదు.

పెట్టె మీద ఏ వయసు రాసి ఉంది? బజర్ మోగడం ఒక్కటే చేస్తుందా, లేక దానిలోనే ప్రశ్నలు, స్కోరు లాంటి ప్రోగ్రామ్ ఉందా? ఇవి చెప్పండి. రెండోదైతే 3(బి) లెక్క మళ్లీ మొదటి నుంచి చూడాలి.